అక్క నగలకు చాలని బీమా

అక్కకు, మేమంతా కులాసా, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మేం ఊళ్లో లేనప్పుడు ఇంట్లో దొంగలు పడ్డారు. బీరువా పగలగొట్టి, నువ్వు దాచమని ఇచ్చిన గొలుసు, గాజులు పట్టుకుపోయారు. "ఇంటికి బీమా ఉంది, నీకెందుకు బెంగ?" అని ఆనాడు నీ నోరు మూయించింది నేనే.

నిన్న బీమా ఆయన వచ్చి, "ఈ నగలు ఎవరివండీ?" అని అడిగాడు. "మావే" అన్నాను. వంటింట్లోంచి నీ మరదలు వచ్చి, "కాదండీ, మా వదినవి" అంది. ఆయన తలెత్తకుండానే, "ఎవరివైనా ఒకటేనండీ. మిగతా సామానుకి బాగానే వస్తుంది. బంగారానికి మాత్రం పరిమితి ఉంది. పాలసీలో విడిగా రాయించి ఉండాల్సింది" అన్నాడు. వచ్చేది ఒక గాజుకైనా చాలదు. అబద్ధమాడి కూడా నీకేమీ దక్కించలేకపోయాను. నీ మరదలు నాతో మాట్లాడటం లేదు.

గొలుసు ఎన్ని పేటలదో రాయి, ఆలస్యమైనా అలాంటిదే చేయిస్తాను. నీ మోకాలు ఎలా ఉంది?

కవరులో పెడితే నా తప్పు కూడా దాచినట్టే అవుతుందని కార్డు మీద రాశాను. బావగారు ముందు చదివినా చదవనీ. ఆయనకు నమస్కారాలు. నన్ను తిట్టడానికైనా జవాబు రాయి.

నీ తమ్ముడు