మకు కొమ్మిస్తే ము

మా ఆయనగారికి,

ఫోనులో చెబుదామంటే మీ గొంతు వినగానే నాకు మాట పడిపోతుంది. అందుకే రాస్తున్నాను. నవ్వకండి.

మీరు కొనిచ్చిన నీలం చీర కట్టుకుని ఫొటో పంపమని మూడుసార్లు అడిగారు. ఆ చీర నేను ఊడ్చే బడిలో, మూడో తరగతి కిటికీకి వేలాడుతోంది.

ఆ గదిలో నల్లబల్ల తీసేసి గోడంత తెర పెట్టారు. వేలు తగిలితే చాలు, గీత పడుతుంది. తెలియక తడిగుడ్డతో తుడిచి ఒకసారి పాఠమంతా పిచ్చిగీతలు చేశాను! పోయిన వారం మధ్యాహ్నం వరండా తుడుస్తుంటే, తెర మీద "ముద్దు పాప" అని ఉన్నదాన్ని చివరి బెంచీ పిల్ల "మొద్దు పాప" అని చదివింది. గదంతా ఒకటే నవ్వు. "నువ్వేనే ఆ మొద్దు పాపవి," అంది పక్కది. పాపం, పిల్ల పుస్తకంలో తల దూర్చేసింది.

మర్నాడు అందరూ అన్నాలకు వెళ్ళాక ఆ బెంచీలో కూర్చుని చూశాను. కిటికీ ఎండ తెర మీద పడి కొమ్ములూ ఒత్వాలూ మింగేస్తోంది. ముద్దో మొద్దో దేవుడికే తెలియాలి.

నేను అయిదో తరగతితో బడి మానేసింది అమ్మకు సాయం కోసమని చెప్పాను కదా. అబద్ధమండీ. నాదీ చివరి బెంచీయే. నాకూ బల్ల మీద మెరుపే కనపడేది. నన్నూ మొద్దనే పిలిచేవారు. మీరు ముద్దుగా "మొద్దూ" అన్నప్పుడల్లా పైకి నవ్వుతాను. లోపల మాత్రం ఆ బెంచీలోనే కూర్చుని ఉంటాను.

అందుకే చీర ఆ కిటికీకి కట్టేశాను. "ఇంత మంచి చీర ఎవరిదమ్మా?" అన్నారు పంతులమ్మగారు. "నాదేనండి," అన్నాను నేలకేసి చూస్తూ. ఆవిడ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. అక్కడి నుంచి తెర మీది పాఠం చివరిదాకా చదివారు. తర్వాత, "సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నాను, నువ్వూ రారాదూ?" అన్నారు.

వెళ్ళనా? మీరు వద్దంటే మానేస్తాను. ఉహూ, వద్దనకండి.

మీ
(ఏమని సంతకం చెయ్యాలో తెలియడం లేదు)


మా ఆయనగారికి,

"చీరదేముంది, కిటికీకే ఫొటో తీసి పంపు. నీకన్నా దానికే బాగా నప్పి ఉంటుంది," అని రాశారు. మీ నోటికి తాళం లేదు! ఫొటో ఇందులో పెట్టాను.

ఆ పిల్ల నిన్న పేజీ మొత్తం తడుముకోకుండా చదివింది. పక్కది నోరు వెళ్ళబెట్టింది. మీరు సరేనన్నారు కదా, సాయంత్రం తరగతిలో చేరాను; నాకు ముందు బెంచీ ఇస్తానన్నారు పంతులమ్మగారు. కావాలనే చివరిది అడిగాను. అన్నీ కనబడుతున్నాయండీ.

మీ ఉత్తరంలో మొదటి మాట మాత్రం గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని రెండుసార్లు చూశాను. ఒత్వం కాదు. కొమ్మే.

మీ
ముద్దు