కిటికీ కోసం గళ్ళు

మార్చి 3, ఆదివారం

లాన్‌లో చారలొచ్చాయి. రహస్యమేమీ లేదు, గడ్డి కోసే మెషీన్ వెనకున్న రోలర్ గడ్డిని పడుకోబెడుతుంది. అటు వాలింది లేతగా, ఇటు వాలింది ముదురుగా కనిపిస్తుంది. రూల్ ఒక్కటే: నడిచినంతసేపూ చూపు ఎదుటి గోడ మీదే ఉండాలి. పక్కకి చూశామా, గీత వంకర.

గడ్డికి తీసినంత శ్రద్ధగా నీ తలకి పాపిడి తీసుకుంటే ఈపాటికి మనిషిలా ఉండేదానివి అంది అమ్మ.

మూల దగ్గర మెషీన్ తిప్పుతూ తలెత్తాను. ఎదురింటి మేడ మీద కొత్తగా దిగినతను కిటికీలో ఉన్నాడు. చేతిలో కప్పు.

మార్చి 10, ఆదివారం

ఏటవాలుగా రెండు వైపులా కోస్తే డైమండ్లు. మేడ మీంచి అదిరిపోయి ఉంటాయి. మూల తిరిగిన ప్రతిసారీ చూశాను. కప్పు కదల్లేదు.

పెట్రోలు ఎవడి బాబు సొమ్మనుకున్నావు అన్నారు నాన్న. మా బాబుదే అన్నాను. డబ్బా మూత బిగించి లోపలికెళ్ళిపోయారు.

మార్చి 13

పేరు తెలీదు. కప్పుగారు అని పెట్టుకున్నాను. ఉద్యోగం లేని ఎమ్మెస్సీకి వారంలో ఆదివారం తప్ప అన్నీ దండగ రోజులే.

మార్చి 16, శనివారం

బేకరీలో కప్పుగారు. నా పక్కనే. ఆదివారాలు మీ మెషీన్ చప్పుడుకే లేస్తున్నానండీ అన్నారు. సారీ అన్నాను. ఇన్నేళ్ళ చదువుకి నోట్లోంచి ఊడిపడిన మాట అదొక్కటి. ఆయన ఇంకా ఏదో అనబోయారు. బ్రెడ్డు పట్టుకుని వచ్చేశాను.

నిద్ర చెడగొడుతున్నాననేగా?

మార్చి 17, ఆదివారం

పొద్దున కొయ్యలేదు. సాయంత్రం కోశాను, గళ్ళు. నా జన్మలో ఇంత తిన్నగా ఇంకేదీ చెయ్యలేదు. కిటికీ మూసి ఉంది.

మార్చి 24, ఆదివారం

సాయంత్రమే. మూసే ఉంది.

మార్చి 31, ఆదివారం

కొయ్యబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 2

ఖాళీ చేసేశారట. ట్రాన్స్‌ఫరట. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది, కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా. కళ్ళెందుకు అలా ఉన్నాయే అంటే, ఉల్లిపాయలు అన్నాను. తరుగుతున్నది నేను కాదుగా అంది.

ఏప్రిల్ 5, సాయంత్రం

టు-లెట్ బోర్డు పెట్టారు. ఫ్రెండ్‌కి ఇల్లు కావాలని అబద్ధమాడి పైకెళ్ళాను. ఇంటావిడ మోటారు గురించీ, అంతకుముందున్న వాళ్ళు గోడలకి కొట్టిన మేకుల గురించీ చెప్తూనే ఉంది. నేను తిన్నగా ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాను. నా డైమండ్లు అక్కణ్ణుంచి ఎలా ఉండేవో ఒక్కసారి చూసుకుందామని.

లాన్ కనిపించదు.

సగం మా కారు షెడ్డు రేకు. సగం చెట్టు. రెంటికీ మధ్య మంచమంత జాగా, నేను మెషీన్ తిప్పే మూల. అంతే. ఆ కిటికీలోంచి చూడ్డానికి ఇంకేమీ లేదు.

గాలి బాగా వస్తుందమ్మాయ్ అంది ఇంటావిడ. అవునాంటీ అన్నాను. మీ ఫ్రెండ్ ఎప్పుడొస్తుంది అంది. తెలీదన్నాను.

ఏప్రిల్ 7, ఆదివారం, పొద్దున్నే

చారల్లేవు, గళ్ళు లేవు. ఆ మూల ఒక్కటే కోశాను. చాలాసేపు.