కలవవన్న పట్టికలు

ప్రియమైన నత్తా,

నువ్వు అబద్ధం చెప్పావు. యాజమాన్యం చెప్పిందనో, పైవాళ్ళు చెప్పించారనో అనడం లేదు. నువ్వే చెప్పావు. నివేదిక కింద ఉన్న సంతకం నీది. కాలేజీలో నా పక్కన కూర్చుని, గణాంకశాస్త్రం క్లాసు జరుగుతుంటే నా నోట్సు అంచుల్లో బొమ్మలు గీసిన చేతిదే ఆ సంతకం.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో "ఊఁ... ఊఁ..." అంటూ మెల్లగా గుల్లలోకి జారుకుంటావు. నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. కాగితం మీదైతే జవాబు చెప్పి తీరాలి.

"ఆసుపత్రి సిబ్బందిలో ఊపిరితిత్తుల జబ్బులు: విభాగాల వారీగా." అదేగా నీ నివేదిక? లాండ్రీ వరుసలో జబ్బుపడినవాళ్ళు సున్నా. ఆసుపత్రి మొత్తంలో ఆరోగ్యానికి ఇంతకన్నా మంచి చోటు లేదన్నమాట! మా కార్మిక పత్రిక ఆఫీసులో పైకి చదివితే అందరూ నవ్వారు. మా చిన్నది కూడా నవ్వబోయింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగలేదు, కుర్చీ పట్టుకుని వంగిపోయింది. నీ సున్నాలో నా చెల్లెలు కూడా ఉంది.

ఆ గది నువ్వు చూడలేదు కాబట్టి చెప్తాను. మరిగే నీళ్ళ ఆవిరి, కళ్ళు మండించే బ్లీచింగు వాసన. ఆరిన దుప్పటి విదిలిస్తే తెల్లటి నూగు లేచి ముక్కుల్లోకి పోతుంది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి, తెరుచుకోవు. మూలన ఒక గాజు గది. అందులో ఏసీ వేసుకుని సూపర్‌వైజరూ గుమాస్తా కూర్చుంటారు. దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళు కాగితాల మీద లాండ్రీ మనుషులు కారు. ఉద్యోగంలో చేరినప్పుడు ఏ వార్డులో ఖాళీ చూపించారో ఆ వార్డు సిబ్బంది. మా చిన్నది పిల్లల వార్డు మనిషట. ఆ వార్డు గుమ్మం తొక్కి దానికి ఏళ్ళయింది.

అంటే నీ "లాండ్రీ విభాగం"లో ఉన్నది గాజు గదిలోని ఆ ఇద్దరే. వాళ్ళ ఊపిరితిత్తులు చూసి లాండ్రీ భేష్ అని రాసేశావు. అసలు దగ్గేవాళ్ళని వార్డులకి పంచేశావు. అక్కడ అంతమంది నర్సుల మధ్య, ఆయాల మధ్య వాళ్ళ దగ్గు వినిపించకుండా పోయింది.

లాండ్రీలో గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టాలా వద్దా అన్నది వచ్చే విచారణలో తేలాలి. యాజమాన్యం చేతిలో ఉన్న ఆయుధం నీ సున్నా ఒక్కటే. ఛాతీ పరీక్షలు చేసిన పెద్దమనుషులు ఎవరి ఫలితం వాళ్ళకి కూడా చెప్పలేదు.

సాకులొద్దు. జవాబు రాయి.

నీ
పిడుగు

*

ప్రియమైన పిడుగూ,

ఉత్తరం అందింది. కవరు విప్పకముందే చెయ్యి కాలింది.

తిట్టావు, సరే. ఇక నేను చెప్పేది మధ్యలో అడ్డురాకుండా విను. ఉత్తరంలో ఎలాగూ అడ్డురాలేవు, అదొక్కటే నాకున్న సుఖం.

నాకు రెండు పట్టికలు ఇచ్చారు. మొదటిది సిబ్బంది పట్టిక. అందులో ఉద్యోగి నంబరు, విభాగం ఉంటాయి. రెండోది ఛాతీ పరీక్షల పట్టిక. అందులో ఉద్యోగి నంబరు, ఫలితం. నంబరును బట్టి రెండింటినీ కలిపాను. విభాగాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఎంతమంది జబ్బుపడ్డారో ప్రోగ్రాంతో లెక్కకట్టించాను. నిండా నాలుగు లైన్లు లేవు. నా కుర్చీలో నువ్వున్నా అదే చేసేదానివి. "విభాగం" అని రాసి ఉంటే పనిచేసే చోటు అనుకున్నాను. చేరినప్పటి ఖాతా అని నాకెవరు చెప్పారే?

ఇప్పుడు నువ్వు చెప్పావు. బాగానే ఉంది. కానీ ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పే పట్టిక నా దగ్గర లేదు. గేటు దగ్గరి హాజరు పట్టిక తెప్పించాను. అందులో ఏ రోజు ఏ నంబరు లోపలికి వచ్చిందన్నదే ఉంటుంది. వచ్చిన మనిషి పిల్లల వార్డుకి వెళ్ళిందో లాండ్రీకి వెళ్ళిందో గేటుకేం తెలుసు? దాన్ని దీనితో కలిపినా మనకి కావలసింది రాదు. ఈ పట్టికలు కలవవు.

ఒక పని చెయ్యి. రోజు, షిఫ్టు, పనిచేసిన చోటు, ఉద్యోగి నంబరు. ఈ నాలుగూ ఉన్నది ఏదైనా తెచ్చిపెట్టు. దాన్ని మూడో పట్టికగా కలిపి, పనిచేసే చోటును బట్టి మళ్ళీ గుంపులు చేస్తాను. మాటిస్తున్నాను.

ఎవరి ఫలితం ఏమిటో మాత్రం నన్ను అడగకు. నేను చూడకూడదు. నాకు గుంపులే కనబడాలి, మనుషులు కనబడకూడదు. అది మా నియమం. మా చిన్నదానిది కూడా చూడను.

అదింకా నన్ను నత్తక్కా అనే అంటోందా? సెలవులకి మీ ఇంటికొస్తే నా ఒళ్ళోంచి దిగేది కాదు. ఏడు రాయమంటే ఒకటిలా రాసేది. రెండూ కలిసిపోకుండా ఏడుకి నడుం మీద గీత పెట్టించాను, గుర్తుందా? వేడినీళ్ళ ఆవిరి దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పు. అక్కడ చెప్పి లాభం లేదనుకో, అయినా చెప్పు.

నీ తిట్లు తిని బతికేసిన
నత్త

*

ప్రియమైన నత్తా,

కిందటి ఉత్తరంలో మొదటి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాట వెనక్కి తీసుకోవడం నువ్వెప్పుడూ చూసి ఉండవు. ఈ ఉత్తరం దాచుకో.

కట్ట పంపుతున్నాను. లాండ్రీలో ముగ్గురు ఒప్పుకున్నారు. షిఫ్టు దిగేముందు ఏ యంత్రం దగ్గర ఏ నంబరు పనిచేసిందో చీటీల మీద రాశారు. నువ్వడిగిన నాలుగూ ఉన్నాయి. లోపలి సంగతి ఒక్క ముక్క కాగితం మీద బయటికొచ్చినా ఉద్యోగం ఊడుతుంది. అందుకే సంతకాలు లేవు. ఎవరు రాసిన చీటీలకి వాళ్ళు మూలన దారం ముడి వేశారు. చిరిగిన దుప్పట్లు కుట్టే దారమే. ఎరుపు, నీలం, పసుపు. ఏ రంగు ఎవరిదో నాకు తెలుసు, చీటీలు బుట్టలో వేసుకుని బయటికి తెచ్చిన ఇస్త్రీ వదినకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఆ ముగ్గురిలో ఒకరి రంగు ఒకరికి కూడా తెలియదు.

ఇస్త్రీ వదిన అంటే ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడ. లోకానికంతా వదినే. కట్ట నా చేతిలో పెడుతూ, "ఏమ్మా, ఆవిడ పేరే నత్తంటున్నావు. ఇవన్నీ కలిపేసరికి మా ఊపిరి మిగులుతుందా?" అంది.

"నెమ్మదిగా కదులుతుంది కానీ దారి తప్పదు వదినా" అన్నాను.

చూశావా, నిన్ను పొగిడాను కూడా. మా చిన్నదైతే "నత్తక్క చేతిలో పడ్డాయిగా, ఇక దిగులేముంది" అని పడుకుని హాయిగా నిద్రపోయింది. హాయిగా అంటే నాలుగు దిండ్లు ఎత్తు పెట్టుకుని.

నీ
పిడుగు

*

ప్రియమైన పిడుగూ,

వచ్చేసింది!

మూడు పట్టికలూ కలిపాను. పనిచేసే చోటును బట్టి గుంపులు చేశాను. అట్టడుగున ఉన్న లాండ్రీ ఎగిరి పైన కూర్చుంది. రెండో స్థానంలో ఉన్న విభాగం దాని దరిదాపుల్లో లేదు. వార్డుల అంకెలన్నీ తగ్గాయి. ఎక్కడి దగ్గు అక్కడికి చేరింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్క టేబుల్ ఆవిడ కంగారుగా వచ్చి, "ఏమైంది, ఫైలు పోయిందా?" అంది.

నువ్వు చెప్పిందే నిజం. నీ స్నేహితురాలిగానే కాదు, లెక్క చేసినదానిగా చెప్తున్నాను.

మా గణాంక శాఖ డైరెక్టరుకి చూపించాను. "సంతకం లేని చీటీలు ఎలా నమ్ముతామమ్మా?" అన్నాడు. ఎవరైనా అడిగే ప్రశ్నే. రాసినవాళ్ళు ఆయా రోజుల్లో నిజంగా డ్యూటీలో ఉన్నారో లేదో సరిచూసి పెట్టమన్నాడు. చిన్న పని. అది కాగానే కొత్త నివేదిక విచారణకి వెళ్తుంది.

దారాల సంగతి నీ దగ్గరే ఉంచుకో. పేర్లు నాకు చెప్పకు. నాకు తెలియకపోవడమే వాళ్ళకి మంచిది.

ఫ్యాన్లు తిరిగే రోజు నన్ను పిలవాలి. ఆ గాలి చప్పుడు నేనూ వినాలి.

నీ
నత్త

*

ప్రియమైన నత్తా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఒంట్లో బాగుండలేదా?

ముగ్గురినీ గేటు దగ్గర ఆపేశారు. ఎరుపు, నీలం, పసుపు. సరిగ్గా ఆ ముగ్గురినే. గుడ్డిగా వల వేసి ఉంటే ఒక్కరైనా తప్పుడు మనిషి పడాలి కదా? పడలేదు. నీలం ఎవరో నీకిప్పుడు చెప్పినా నష్టం లేదు. మా చిన్నది. కార్డు ఆనిస్తే యంత్రం కుయ్యిమంది. మళ్ళీ ఆనించింది. కాపలా ఆయన తలెత్తకుండా, "నీ నంబరు తీసేశారు తల్లీ, పక్కకి జరుగు, వెనకవాళ్ళకి ఆలస్యమవుతోంది" అన్నాడట.

విచారణ మొదటి రోజు చదివింది నీ పాత నివేదికే. అదే సున్నా. రెండో రోజుకి వాయిదా వేశారు. నీ కొత్త నివేదిక ఎక్కడ ఆగింది?

రంగుల సంగతి తెలిసింది నాకూ ఇస్త్రీ వదినకీ. నేను చెప్పలేదు. సంఘం మీటింగులో అందరి ముందూ అడిగేశాను, "వదినా, ఎవరి దగ్గర నోరు జారావు?" అని.

ఆవిడ లేచి నిలబడింది. "బుట్టలో వేసుకుని గేటు దాటించేటప్పుడు నా కాళ్ళు వణికేవి. నువ్వు ఆ వణుకు చూడలేదు. ఇప్పుడు నా నోరు జారడం మాత్రం చూశావా?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

తప్పు చేశానా? ఆమె కాకపోతే ఇంకెవరే? నువ్వైనా చెప్పు. నాకిప్పుడు నమ్మి అడగడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

నీ
పిడుగు

*

ప్రియమైన పిడుగూ,

ఆ వదినగారిని ఏమీ అనకు. ఆవిడ కాదు.

సరిచూసే పని అని రాశాను కదా. చీటీలని రంగుల వారీగా గుంపులు చేశాను. ఒక్కో రంగు చీటీలు ఏ రోజుల్లో ఉన్నాయో ఆ రోజుల్ని గేటు హాజరు పట్టికతో కలిపాను. చీటీ ఉన్న రోజులన్నిట్లో లోపలికి వచ్చి, లేని రోజుల్లో రాని నంబర్లు ఏవో వడగట్టాను. ఒక్కో రంగుకి ఒక్కో నంబరే మిగిలింది. రాసినవాళ్ళు నిజంగా డ్యూటీలో ఉన్నారని రుజువైంది. చీటీలు నిజమని చూపించడానికే చేశాను, నమ్ము.

ఆ కాగితం డైరెక్టరుకి ఇచ్చాను. ఆయన ఆసుపత్రికి పంపుతాడని అనుకోలేదు. పంపాక కొత్త లెక్క పక్కన పెట్టేశారు. నియమం తప్పిన సిబ్బంది రాసిన చీటీలకి విలువ లేదన్నారు.

నేను పేర్లు చూడలేదు. ఒట్టు. నాకు తెలిసినవి మూడు నంబర్లే. ఆ నంబర్ల వెనక ఎవరున్నారో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఇచ్చేదాన్నా?

నన్ను తిట్టు. కానీ ఉత్తరాలు మానకు.

నీ
నత్త

*

గౌరవనీయులైన గణాంక అధికారిణి గారికి,

మీరు అబద్ధం చెప్పారు. మొదటిసారి రాసి వెనక్కి తీసుకున్న వాక్యాన్ని మళ్ళీ మీ ముందు పెడుతున్నాను. ఈసారి వెనక్కి తీసుకోను.

మా చిన్నదాని దగ్గు ఏ గదిలోదో చెప్పమంటే పట్టికలు కలవవన్నారు. దాని కోసం చీటీలు కావాలన్నారు, మూడు నిండు ప్రాణాలు వణుకుతూ రాసిచ్చాయి. అదే మా చిన్నదాన్ని పట్టుకోవలసి వచ్చేసరికి పట్టికలు చక్కగా కలిశాయి. గేటుకేం తెలుసని అడిగిన మీరే ఆ గేటు చేత సాక్ష్యం చెప్పించారు.

గుంపులే కనబడాలి, మనుషులు కనబడకూడదు అన్నారు. గుంపుని కోసుకుంటూ కోసుకుంటూ ఒక్కరే మిగిలేదాకా వెళ్ళారు. ఒక్కరే మిగిలిన గుంపుని ఏమంటారు మేడమ్? మా భాషలో మనిషి అంటారు.

ఇక ఎవరో తెలియదన్న మాట. నీలం దారం చీటీలకి నా దగ్గర నకళ్ళున్నాయి. మీ ఉత్తరం వచ్చాక తీసి చూశాను. ప్రతి చీటీలోనూ ఏడు అంకెకి నడుం మీద గీత ఉంది. ఆ గీత పెట్టడం ఎవరు నేర్పారో మీరే రాశారు, మీ మొదటి ఉత్తరంలో. ఆ చీటీలన్నీ ఒక్కొక్కటిగా చూసి పట్టికలోకి ఎక్కించినవి మీ చేతులే. అంకె అంకెకీ మా చిన్నది మీ ఎదురుగా నిలబడి ఉంది. మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు. మిమ్మల్ని ఎవరైనా బెదిరించారేమో, మీరు భయపడ్డారేమో, ఆ సంగతి రాసి ఉంటే ఆలోచించేదాన్ని. ఒట్టు పెట్టారు.

ఇస్త్రీ వదిన ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే క్షమించమని అడిగాను. విన్నది. లోపలికి రమ్మనలేదు. అది నా పాపం, నేను మోస్తాను, మీకు పంచను.

మా చిన్నదానికి మీ ఉత్తరం చదివి వినిపించాను. "నత్తక్కకి అంత ఇబ్బంది ఏమొచ్చిందో" అంది. నాకు ఆ మంచితనం లేదు. అందుకే స్నేహితురాలిగా ఏమీ అడగడం లేదు. సంఘం తరఫున అడుగుతున్నాను.

ఇట్లు,
లాండ్రీ కార్మికుల పత్రిక సంపాదకురాలు

మా డిమాండ్లు:

1. పనిచేసే చోటును బట్టి కట్టిన లెక్కను విచారణ రెండో రోజున మీరే స్వయంగా వచ్చి, మీ సంతకంతో సమర్పించాలి.

2. పాత నివేదికలో లాండ్రీ పేరు కింద ఉన్నది గాజు గదిలోని ఇద్దరేనని అక్కడే పైకి చెప్పాలి.

3. దారాల రంగుల్ని గేటు హాజరుతో కలపమన్నది ఎవరో, ఫలితం ఎవరి చేతికి వెళ్ళిందో రాతపూర్వకంగా ఇవ్వాలి.

4. ముగ్గురినీ పనిలోకి తీసుకోవాలి. చీటీలు రాయమని అడిగింది మీరేనని ఒప్పుకుంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

5. లాండ్రీలో పనిచేసే ప్రతి మనిషికీ ఆమె ఛాతీ పరీక్ష ఫలితం ఆమె చేతికి ఇవ్వాలి.

6. మా చిన్నదాని ఫలితం ముందు పంపండి. డాక్టరు అది లేకుండా మందు మార్చనంటున్నాడు. వెతకడం కష్టం కాదు. దాని నంబరు మీకు తెలుసు.