ముప్పై ఐదుకు ఇరవై తొమ్మిది

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. గుండె బలహీనంగా ఉంది, బుర్ర నిక్షేపంగా ఉంది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన చీటీ జతపరిచాను. సంతోషంగా ఉన్నానా అని ఆయన అడగలేదు కాబట్టి ఆ సంగతి చీటీలో లేదు.

ఇంతకు మునుపు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా బావమరిదికి, అంటే కాలం చేసిన నా భార్య తమ్ముడికి, అప్పగిస్తున్నాను. అతను దర్జీ. ఒకసారి కొలిచాక మళ్లీ కొలిచి చూసుకునే మనిషి.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, అందులోని సామాను సమస్తం నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలెను. వంటగది కిటికీ గడియ ఊడి ఉంది, గట్టిగా లాగవద్దు.

2. నా తమ్ముడికి నా నిచ్చెన. పదహారేళ్ల కిందట అరువు తీసుకున్నాడు, ఇప్పటికీ వాడి వరండాలోనే ఉంది. కాబట్టి మోసే శ్రమ లేదు. అది నాదేనని ఒక్కసారి నోరు తెరిచి ఒప్పుకుంటే చాలు.

3. అక్వేరియం ముందున్న నా కుర్చీ బావమరిదికి. వచ్చినప్పుడల్లా అందులో కూర్చుని, "బావా, సముద్రానికి అద్దె ఎంత కడుతున్నావు?" అని అడిగేవాడు. నాకు నవ్వు రాకపోయినా మా ఆవిడ నవ్వేది.

4. ఆ ఉప్పునీటి అక్వేరియం మా ఆవిడ పెట్టింది. ఆమె పోయాక కొలిచే పని నాకొచ్చింది. నీటిలో తేలే గాజు కడ్డీతో ఆమె కొలిచేది. నేను ఉప్పు మీటరు కొన్నాను. చుక్క నీరు దాని అద్దం మీద వేసి, వెలుతురుకి ఎత్తి, కన్ను ఆనించి చూడాలి. వెయ్యి గ్రాముల నీటికి ముప్పై ఐదు గ్రాముల ఉప్పు ఉండాలి.

నాలుగేళ్ల కిందట, ఆపరేషనుకి ఆస్పత్రిలో చేరే రోజు పొద్దున, ఆ మీటరు నా చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు ఒక చుక్క వేసి, మర తిప్పి, సున్నాకి తెచ్చి పెట్టెలో పెట్టేశాను. అక్వేరియాన్ని, ఇంటి తాళం చెవిని అమ్మాయికి అప్పగించి వెళ్లాను. మీటరు పడిందని ఎవరికీ చెప్పలేదు. ఖాళీ తక్కెడ సమంగా నిలబడిందని చూపించే దుకాణదారుల్ని, "బరువు పెట్టి చూపించవయ్యా" అని సర్వీసంతా కసిరినవాణ్ణి నేను. నా మీటరు మీద మాత్రం బరువు పెట్టి చూడలేదు.

మూడో రోజున అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, నీ మీటరు ఇరవై తొమ్మిదంటోంది, అమ్మ గాజు కడ్డీ ముప్పై ఐదంటోంది. దేన్ని నమ్మను?" అంది. "ఆ గాజు ముక్క లోపల పెట్టు. నా మీటరు ముప్పై ఐదు చూపిందాకా ఉప్పు కలుపు" అన్నాను. కలిపింది. నేను ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ 'కొత్త దంపతులు' అని పిలిచే నారింజ చేపల జంటతో సహా ఆరు చేపలు పోయాయి. "మీ అమ్మ చేపల్ని చంపేశావు కదే" అన్నాను. "నువ్వు చెప్పిందే చేశాను నాన్నా" అని తాళం చెవి మేకుకి తగిలించి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను రమ్మనలేదు.

ఆ రోజు నుంచి మీటరు ముట్టలేదు. నీళ్లు చేపల దుకాణం అతనే వచ్చి మారుస్తున్నాడు. పోయిన నెల అతను సీలు వేసిన చిన్న సీసాలు రెండు తెచ్చి, ఒకటి విప్పి, "సార్, దీనిలో ఉప్పు కచ్చితంగా ముప్పై ఐదు. ఒక్కసారి మీ మీటరు చూద్దాం" అన్నాడు. ఇరవై తొమ్మిది చూపింది. మూడుసార్లు వేశాం. ఏడుపు రాలేదు. కాఫీ గ్లాసులు కడిగి బోర్లించాను.

కాబట్టి నా కుమార్తె ఏ తప్పూ చేయలేదని, తప్పు నాదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. అమ్మాయి తన కంటితో ఒకసారి చూసుకున్నాక ఆ మీటరును పగలగొట్టించవలెను. నా సర్వీసులో అలాంటివి దొరికితే అదే చేసేవాణ్ణి.

5. మా ఆవిడ గాజు కడ్డీ, ఇంకా విప్పని రెండో సీసా, బతికి బయటపడ్డ నీలం చేప అమ్మాయికి. అందరినీ తరుముతుందని దానికి 'అత్తగారు' అని పేరు పెట్టింది అమ్మాయే. తరమడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

6. నాలుగో అంశం నా చావు దాకా ఆగనక్కర్లేదు. సంతకాలు కాగానే బావమరిది దాన్ని అమ్మాయి ఇంటికి తీసుకెళ్లి, గుమ్మంలో నిలబడైనా సరే, చదివి వినిపించవలెను. ఈ నెలలో నాలుగుసార్లు ఆమె నంబరు నొక్కాను. రింగు మొదలవగానే పెట్టేశాను. ఆమె ఏమంటే అది, ఒక్క మాట మార్చకుండా, వచ్చి నాకు చెప్పవలెను.

7. సాక్షులు నా సంతకానికే కాదు, కొలతకి కూడా సాక్షులు. ముందు వాళ్ల చేత చుక్క వేయించి, అర నిమిషం ఆగి చూడమన్నాను.

తేదీ: పదిహేడు, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

సంతకం: తూనికల శాఖ మాజీ ఇన్‌స్పెక్టరు

సాక్షి 1: చేపల దుకాణం యజమాని. మా ముందే సంతకం పెట్టారు. సీసా మీద ముప్పై ఐదు, మీటరులో ఇరవై తొమ్మిది.

సాక్షి 2: పై వాటాలో ఉండే నర్సు. నేనూ చూశాను. ఇరవై తొమ్మిదే.