సుఖరోగాల గదికి తాళం

చెల్లీ,

రేపు ఎమ్మిగనూరులో నీ మొగుడికి మళ్ళీ పెళ్ళి.

బొంబాయి నుంచి అతను నీకు తెచ్చిన సవాయి అనే సుఖరోగానికి, ఇద్దరినీ వారానికొకటి చొప్పున మూడు సూదులు వేయించుకోమన్నాడు డాక్టరు. మొదటిది కాగానే ఆదోని ఆసుపత్రిలో సుఖరోగాల గది మూసేసి, నర్సులను కుటుంబ నియంత్రణ శిబిరాలకు పంపేశారు. నువ్వు చచ్చిన బిడ్డను కని, దాని వెనకే పోయావు.

ఈరోజు అతన్ని బతిమాలి మళ్ళీ తీసుకెళ్ళాను. గదికి ఇంకా తాళమే ఉంది.

"నాకేం నొప్పి లేదొదినా" అని అతను వెళ్ళిపోయాడు.

పెళ్ళికూతురి ఇంటికి పోయి వాళ్ళమ్మకు అంతా చెప్పాను. "పసుపు దంచే దినం ఇదా సెప్పేది?" అని ఆమె లోపలికి పోయింది.

పిల్ల మాత్రం నా వెంట వీధిలోకి వచ్చింది. "ఆ సూది యాడేస్తారక్కా?" అని అడిగింది.

చెప్పడానికి నాకు ఒక్క ఊరి పేరూ తెలియలేదు.