మోకరించిన శాస్త్రవేత్త

గుడివాడ,
మార్చి 1962

విల్సన్ బావగారికి వందనాలు.

మీ చెల్లెలు అన్నమ్మతో నా పెళ్లి ప్రకటన ఆదివారం ఆరాధనలో ఎందుకు చదవలేదో ఇంకెవరో చెప్పకముందే నేనే రాస్తున్నాను.

మొన్న శనివారం గుడి ఆవరణలో దుప్పటి కట్టి ఇంగ్లీషు సినిమా వేశారు. భూమి తిరుగుతుందన్నందుకు పూర్వం ఒక శాస్త్రవేత్తను మతపెద్దలు విచారించిన కథ. పాస్టరు అయ్యగారు పక్కన నిలబడి తెలుగులో చెప్పారు. చివరికి ఆ ముసలాయన మోకరించి, తను చెప్పింది తప్పన్నాడు. మనవాళ్లు అదేదో మారుమనసు సాక్ష్యమనుకుని "హల్లెలూయ!" అంటూ చప్పట్లు కొట్టారు. జ్ఞానమ్మత్తయితే "పోన్లే పాపం, దారికొచ్చాడు" అని కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండింది. "భూమి తిరుగుతుందని ఐదో తరగతితో ఆపేసిన నాకే తెలుసు! భయపెట్టి మోకరింపిస్తే చప్పట్లేంటి, బుద్ధుందా మీకు?" అని లేచి అరిచాను.

అలా అరిచినందుకు వచ్చే ఆదివారం సంఘం ముందు మోకరించి తప్పు ఒప్పుకుంటేనే ప్రకటన చదువుతారట. బియ్యం మిల్లులో అందరూ "ఏంట్రా శాస్త్రవేత్తా, మోకాళ్లు గట్టివేనా?" అంటున్నారు. ఆ ముసలాయన్ని పిరికివాడని తిట్టుకున్నాను. సినిమాలో ఇంటి దగ్గర ఆయన కోసం కూతురు ఎదురుచూడటం ఇప్పుడు గుర్తొస్తోంది. నాకేం తోచడం లేదు బావా.

నేను మోకరిస్తే అన్నమ్మ కూడా చప్పట్లు కొడుతుందా? అడిగి వెంటనే రాయండి.

మీ ఇంటి అల్లుడు కావలసినవాడు