నువ్వు అందుకోని మాట

వారాసిగూడ

వీరేశానికి,

మొన్న యూనివర్సిటీ నాటకంలో నేను అన్న, నువ్వు తమ్ముడు. మూడో రంగంలో నేను మాట మరిచిపోయాను. ఇన్నేళ్లలో మనలో ఎవరు తడబడ్డా, రెండోవాడు ఏదో ఒకటి అని దారిలో పెట్టేవాడు. నాటకం మా గల్లీ కుళాయి లాంటిది. ఎవరి వంతు వాళ్లదే. కానీ ముసలమ్మ బిందె జారితే, వెనకున్న ఆవిడ తన వంతు కాకపోయినా పట్టుకుంటుంది. నువ్వు చేతులు కట్టుకొని, హాలంతా గుసగుసలు మొదలయ్యేదాకా నా మొహమే చూస్తూ నిలబడ్డావు.

తర్వాత ప్రొఫెసర్ శిరీష గారు వచ్చి, "ఆ సైలెన్స్ ఎంత పండిందండీ! అన్నదమ్ముల పగంతా కనబడింది" అన్నారు. నాటకంలో వాళ్లకు పగ లేదమ్మా అనబోయి, మేకప్ తుడుచుకోడానికి వెళ్లిపోయాను.

తెల్లారి డైరెక్టర్ కరుణాకర్ ఫోన్ చేశాడు. "తాతా, ఏమనుకోకు. ఆదివారం నీ వేషం సత్తయ్య తాత వేస్తడు. నీకు రెస్ట్ కావాల్నని వీరేశం తాతనే చెప్పిండు."

సత్తయ్య నీ బావమరిది. అతనికి నా వేషం ఇమ్మని నువ్వు నన్నే అడిగితే ఇచ్చేవాణ్ణి కాదనుకో. కానీ తార్నాకలో చాయ్ తాగుతూ తిట్టుకునేవాళ్లం, అంతటితో అయిపోయేది.

ఆదివారం చూడటానికి రమ్మన్నావట. రాను. సత్తయ్య కూడా ఎక్కడో ఒకచోట మరిచిపోతాడు. అప్పుడు నువ్వు చటుక్కున అందుకుంటావు. అది నేను చూడలేను.

ఇట్లు,
మొన్నటిదాకా నీ అన్న